మెషిన్ వైపు

మార్చి 3

మెషిన్ పట్టేసింది. మా ఆయన మందుల షాపు వాళ్ళ చీటీలు అచ్చు తొక్కుతూ ఉండగా, నడుస్తున్నది నడుస్తున్నట్టే బిగుసుకుపోయింది. నేను అచ్చు అక్షరాల గళ్ళుండే కేసుల దగ్గర నిలబడి టైపు పేర్చుకుంటున్నాను. చప్పుడు ఆగేసరికి నా చెయ్యీ ఆగిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ చప్పుడు వింటూ అక్షరాలు ఏరుకున్నదాన్ని. అది లేకపోయేసరికి ఏ గడిలో ఏముందో కూడా తోచలేదు.

ఆయన చక్రం పట్టుకుని లాగారు. రాలేదు. అప్పుడు నన్ను పిలిచారు. ఆయనే పిలిచారని రాసి పెట్టుకుంటున్నాను, రేపు మళ్ళీ నా మీద పెడతారు. మా ప్రెస్సులో కిటికీకి ఇటు కేసుల వైపు, అది నాది. అటు కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్ వైపు, అది ఆయనది. నేను అటెళ్ళి ఒక మర ముట్టుకుంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ఆయన ఇటొచ్చి ఒక్క అక్షరం తప్పు గడిలో వేస్తే నేను ఇల్లు పీకి పందిరి వేస్తాను. హద్దులు పెట్టుకున్నాం కాబట్టే కాపురం నిలబడిందని నవ్వుకునేవాళ్ళం. ఇవాళ ఆ హద్దు దాటి ఇద్దరం కలిసి లాగాం. ఇసుమంత కదల్లేదు.

"ప్యాకింగ్ ఎక్కువైందే. పలక మీద ఒత్తుకి వేసిన కాగితాలు తీసేస్తే అదే వదులుతుంది," అన్నారు.

తీశాం. వదల్లేదు.

పాత మెషిన్. మామగారు కొన్నప్పటికే పాతది. దానికి మాత్రం ఒళ్ళు నొప్పులు ఉండవా?

మార్చి 4

పొద్దున్నే ఆయన మెషిన్ ముందు నిలబడి, "ప్యాకింగ్ ఎక్కువైందే. తీసేద్దాం," అన్నారు.

"నిన్ననే తీశాం కదండీ."

"తీశామా?" అని పలక తడిమి చూసి, "ఆఁ, తీశాం, తీశాం. నిన్ను పరీక్ష చేశాను," అని నవ్వారు. రాత్రంతా నిద్ర లేదు పాపం. మెషిన్ బెంగ.

అక్షరాలు బిగించిన చట్రం నేనే విప్పి బయట పెట్టాను. పళ్ళ చక్రాల్లో టైపు ఏదైనా పడి ఇరుక్కుందేమోనని టార్చి వేసి వెతికాం. అడుగున మసిలో ఒక కామా దొరికింది.

"చూశావా, నువ్వు పారేసుకున్నదే," అన్నారు.

"నా కామాలు నా దగ్గరే ఉన్నాయి. ఇది మీ నాన్నగారి కాలంది. మీ వైపు ఊడవడం ఎప్పుడు మానేశారో దీన్ని చూస్తే తెలుస్తోంది."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వినా మెషిన్ మాత్రం తిరగలేదు.

మార్చి 5

కిరసనాయిలు పోశాం. రాలేదు.

ఆయన మళ్ళీ ప్యాకింగ్ అన్నారు.

మార్చి 7

అమ్మాయి వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి, అటునుంచి అటే వచ్చింది. వచ్చినదానికి కాస్త టీ ఇద్దామని లోపలికి వెళితే నా వెనకే వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మా, నాన్న నన్ను గుమ్మంలో చూసి 'ఎవరు కావాలమ్మా?' అన్నారు."

"వెలుతురు నీ వెనక నుంచి పడుతోంది. ఎవరికి మాత్రం కనబడుతుంది?"

"పోయిన నెల కూడా అలాగే అన్నారు."

"పోయిన నెల కళ్ళద్దాలు పగిలున్నాయి."

"నీకు అన్నిటికీ ఒక జవాబు రెడీగా ఉంటుందమ్మా."

"లేకపోతే నిన్నెలా పెంచాననుకున్నావు?"

డాక్టరుకి చూపిద్దాం అంది. తనకి తెలిసినాయన ఉన్నాడట, మతిమరుపులకి ఆయనే మంచివాడట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మతిమరుపేమిటి? ఆ మనిషి పనిలేక కూచుని దిగులు పడుతున్నారు. చేపని గట్టు మీద పడేసి ఈదడం మరిచిపోయిందంటే ఎలా? ఇంత గొంతేసుకుని అరిచాను. అది టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

అక్షరాలని తిరగేసి చదవడం నా పని. నా ఇంట్లో ఏం జరుగుతోందో ఇంకొకరు నాకు చదివి వినిపించాలా?

మెషిన్ తిరిగితే అన్నీ సర్దుకుంటాయి. దాని ముందు నిలబడితే ఆయన చేతికి ఎదురులేదు. దాన్ని ఎలాగైనా తిప్పించాలి. నాకు ఇంక వేరే ఆలోచన లేదు.

మార్చి 9

రోజంతా మెషిన్ పక్కనే నిలబడి తుడిచారు. తుడిచిందే తుడిచారు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "ఇవాళ బాగానే తొక్కాను కదే?" అన్నారు.

"బాగానే తొక్కారు," అన్నాను.

అలా ఎందుకన్నానో నాకే తెలీదు.

మార్చి 11

స్పానర్‌కి ఫోన్ చేశాను. వాడి అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు, ఊళ్ళో ప్రెస్సులన్నిటికీ ఒకప్పుడు మెకానిక్. ప్రెస్సులు ఒకటొకటే మూతపడ్డాక నీటి మోటార్లు బాగుచేసుకుంటున్నాడు.

ఆయన ఒప్పుకోలేదు. "నా మెషిన్ సంగతి నాకు తెలీదా? బయటివాడొచ్చి చెప్పాలా?" అని ఎగిరారు. అలా ఎగిరితే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది కదా మా ఆయన!

మార్చి 13

స్పానర్ వచ్చాడు. గుమ్మంలోంచే, "ఏరా, ముసలిదాన్ని అలిగేలా చేశావంట?" అన్నాడు.

"నీ చెయ్యి తగిలితే అలిగింది కాస్తా పుట్టింటికి పోతుందిరా స్పానర్," అన్నారు ఆయన.

పేరుతో సహా పిలిచారు. అమ్మాయికి చెప్పాలి.

ఇద్దరూ వంగి చూశారు, కాసేపు పోట్లాడుకున్నారు. ఆయన టీ తెస్తానని లోపలికి వెళ్ళారు. స్పానర్ ఇరుసు మీద మూత ఒకటి విప్పాడు. లోపల గోటితో గీకి వేలు చూసుకున్నాడు. ఇంకోటి విప్పి అక్కడా గీకాడు.

"వదినా, ఒకసారి ఇలా రండి. ఇది నూనె కాదు. నూనె అయితే జారాలి. ఇది చూడండి, బంక."

వాసన చూశాను. చూడక్కర్లేదు, రంగు చూస్తేనే తెలిసింది. వార్నీషు. ఇంకు మరీ చిక్కగా ఉన్నప్పుడు చుక్క కలిపి పల్చన చేసుకునే వార్నీషు. చూడటానికి నూనెలాగే ఉంటుంది, కానీ గాలి తగిలితే ఎండి గట్టిపడుతుంది. కాగితం మీద ఇంకు ఆరాలని వాడేదాన్ని ఇరుసులో పోస్తే ఇరుసే ఆరిపోతుంది. ప్రెస్సులో మొదటిరోజు చేరినవాడికి కూడా ఆ రెండు డబ్బాలూ ఒకచోట పెట్టకూడదని ముందు చెబుతారు.

స్పానర్ ఆయన నూనె డబ్బా మూత తీశాడు. నిండా అదే.

"ఇది ఒకనాటి పొరపాటు కాదు వదినా. ఇంత గట్టిగా పట్టాలంటే నెలల తరబడి పోసుండాలి. అన్ని నూనె రంధ్రాల్లోనూ ఉంది."

"నేనే పోశాను," అన్నాను. "డబ్బా నేనే నింపాను. చూసుకోలేదు."

వాడు నా మొహంకేసి చూశాడు. డబ్బాకి మూత పెట్టేసి, "సరే వదినా," అన్నాడు. అప్పుడే ఆయన టీ తెచ్చారు. గ్లాసుల్లో వేడినీళ్ళు ఉన్నాయి. టీ పొడి వెయ్యలేదు. స్పానర్ ఊదుకుంటూ తాగేశాడు. నేనూ తాగాను.

మార్చి 14

నేనే పోసి ఉంటాను.

మార్చి 15

నేను పొయ్యలేదు. ఎవరి కోసం రాస్తున్నాను ఈ అబద్ధం? ఇది చదివేది నేనొక్కదాన్నే.

నూనె డబ్బా ఉండేది మెషిన్ వైపు. నేను దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. ముట్టుకోనిచ్చారా అసలు? రోజూ పొద్దున్నే ఆయనే పోసేవారు. పసిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క పోసి, ఒలికినది గుడ్డతో అద్ది, అప్పుడు గానీ పెడలు మీద కాలు పెట్టేవారు కాదు. కళ్ళు మూసుకుని ఇంకు వాసన చూసి ఏ కంపెనీదో చెప్పే మనిషి, నెలల తరబడి తన చేత్తోనే తన మెషిన్‌కి బంక పట్టించారు. ఎంతో జాగ్రత్తగా, ఒక్క రంధ్రం వదలకుండా. వాసన తెలియలేదు. చేతికి అంటుకుంటుంటే తెలియలేదు.

నేను కిటికీకి ఇటువైపున్నాను. నా పని నేను చేసుకుంటున్నాను.

అమ్మాయి చెప్పింది నిజమే. రాశాను కదా, చాలు.

అయినా ముందు మెషిన్ తిరగనీ. తిరిగాక చూద్దాం.

మార్చి 18

స్పానర్ రోజూ వస్తున్నాడు. విప్పడం, గీకడం, కడగడం. "ఏం పోశారు వదినా, దీనికన్నా సిమెంటు పోసినా వచ్చుండేది," అని నా మీద జోకులు. పోసింది నేను కానని వాడికీ తెలుసు. ఆయన పక్కన కూచుని విప్పిన మరలు వరసగా పేరుస్తున్నారు. చిన్నవి, పెద్దవి, ఇంకా పెద్దవి. చక్కగా పేర్చారు.

ఎవరో వార్నీషు పోశారని మధ్యలో తెలిసింది ఆయనకి. "ఏ గాడిద చేసిన పనిరా ఇది?" అన్నారు.

"నేనేనండీ," అన్నాను.

నన్ను ఎగాదిగా చూశారు. "నీకు మతిపోతోందే. డాక్టరుకి చూపించుకో," అన్నారు.

స్పానర్ తల వంచుకుని గీకుతూనే ఉన్నాడు.

మార్చి 20

తిరిగింది!

స్పానర్ చక్రాన్ని ఒక్కసారి తోసి వదిలాడు. గిర్రున తిరిగింది. ఆయన మమ్మల్ని పక్కకి తోసేసి వెళ్ళి నిలబడ్డారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. కాలు దానంతటదే పెడలు మీదకి వెళ్ళింది. నేను చట్రం ఎక్కించాను, ఇంకు పెట్టారు, మొదటి కాగితం అచ్చు పడింది. తీసి వెలుతురుకి పెట్టి చూసి, "కుడివైపు అచ్చు తేలిపోతోందే, ఒత్తుకి ఒక కాగితం వెయ్యి," అన్నారు. నిజంగానే కుడివైపు తేలిపోతోంది. నా కళ్ళకి తెలియలేదు, ఆయన కళ్ళకి తెలిసింది.

కుడిచేత్తో తెల్ల కాగితం పెట్టడం, ఎడమచేత్తో అచ్చయినది తియ్యడం. మెషిన్ నోరు తెరవడం, మూయడం. ఆ చప్పుడు. నేను నా వైపుకి వచ్చేసి చేతికందిన టైపు పేర్చడం మొదలుపెట్టాను. ఏం పేరుస్తున్నానో చూసుకోలేదు. చప్పుడు వినబడుతోంది, అంతే చాలు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సంతోషంతో కూడా ముక్కు కారుతుంది, అదేం ఖర్మో.

అమ్మాయికి ఫోన్ చేసి వినిపించాను. "విన్నావా? మీ నాన్నే. ఎవరూ సాయం పట్టలేదు," అన్నాను. అది, "బావుందమ్మా," అంది.

నేనన్నానా, మెషిన్ తిరిగితే అన్నీ సర్దుకుంటాయని?

మార్చి 21

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మార్చి 22

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

చీటీలు తొక్కుతున్నారు. నేను ఏదో అడగడానికి తల తిప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కాలు తొక్కుతూనే ఉంది. కుడిచెయ్యి కాగితం పెట్టింది, పెట్టి అక్కడే ఉండిపోయింది. పలక మీద వెల్లకిలా, వేళ్ళు చాపుకుని, చలికాలం ఎండలో పెట్టుకున్నట్టు. మెషిన్ నోరు మూసుకుంటోంది.

కేసు కిందపడిపోయినా చూసుకోలేదు. ఎలా అటు దూకానో తెలీదు. భుజం పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం కిందపడ్డాం. మెషిన్ ఖాళీ నోరు మూసి, తెరిచి, ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆయన మధ్యవేలి గోరు నల్లబడింది. అంతే. వేళ్ళన్నీ ఉన్నాయి. పది సార్లు తడిమి చూశాను.

"ఎందుకే లాగావు?" అన్నారు. కోపం కూడా లేదు, నిజంగా తెలియక అడిగారు.

"పురుగేదో పాకిందండీ," అన్నాను.

కాలికి తొక్కడం గుర్తుంది. చేతికి బయటికి రావడం గుర్తు లేదు. మొన్న సంతోషంతో గంతులేసినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

నేలంతా అక్షరాలు. ఇద్దరం కూచుని ఏరాం. ఆయన ఏరినవి ఏ గడిలో పడితే ఆ గడిలో వేస్తున్నారు. వెయ్యనిచ్చాను.

మార్చి 25

జరిగింది చెబితే అమ్మాయి వచ్చి మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మంచివాడే, ఆయనతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. జబ్బుకి పేరు చెప్పాడు. నేను ఆ పేరు ఇక్కడ రాయను. ఇది తగ్గదట, నెమ్మదిగా నడుస్తుందట.

"ఏ పని చేస్తారు?" అని అడిగాడు ఆయన్ని. "ప్రెస్సు," అన్నారు. అది మాత్రం గబుక్కున చెప్పారు.

మార్చి 27

అమ్మాయి, ప్రెస్సు గదికి తాళం వెయ్యమంది. వేశాను. ఆయన పొద్దున్నే స్నానం చేసి, చొక్కా చేతులు మడిచి, తాళం ముందు నిలబడ్డారు. అలాగే ఉండిపోయారు. కుర్చీ వేస్తే కూచోలేదు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, "యజమాని ఇంకా రాలేదమ్మా, తలుపు తియ్యలేదు," అన్నారు.

నన్ను అమ్మా అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున గొంతెత్తి ఏడ్చాను. యజమాని మీరేనండీ అని ఎలా చెప్పను? తాళం వేసింది నేనని ఎలా చెప్పను?

మార్చి 28

పొద్దున ఆయన లేవకముందే తాళం తీసి, స్పానర్ వదిలి వెళ్ళిన పానాలు పట్టుకుని మెషిన్ వైపు వెళ్ళాను. పెడలునీ ఇరుసునీ కలిపే కడ్డీ విప్పేశాను. మర ఎటు తిప్పాలో తెలీక వేళ్ళు చెక్కుకుపోయాయి. చక్రం చేత్తో తోసినా కదలకుండా చువ్వల మధ్య అడ్డంగా కర్ర బిగించి కట్టాను. తిరిగితే చాలని మొక్కని రాయి లేదు. ఇప్పుడు నా చేత్తోనే ఆపేశాను.

"ఏమండీ, మెషిన్ మళ్ళీ పట్టేసింది. కాస్త చూస్తారా?"

మొహం ఎలా వెలిగిపోయిందో! "నేను చూడకుండా నువ్వేం చేస్తావులే," అన్నారు. చేతులు మడుచుకుంటూ గబగబా వచ్చారు. పెడలు మీద కాలు వేశారు. అది టపీమని నేలకి ఆనింది. కడ్డీ ఉండాల్సినచోట ఏమీ లేదు, ఆవలిగోడ కనబడుతోంది. చక్రంలో ఇంత లావు కర్ర. గుడ్డివాడైనా తడిమి చెబుతాడు. దొరికిపోయాననుకున్నాను. దొరికిపోతే బాగుండుననుకున్నాను.

చుట్టూ తిరిగి చూశారు. వంగి చూశారు. చెవి ఆనించి విన్నారు.

"ప్యాకింగ్ ఎక్కువైందే," అన్నారు.

"అయితే తీసేద్దామండీ," అన్నాను. ఇద్దరం కూచుని తీశాం.

మార్చి 30

ప్యాకింగ్ తీశాం. సాయంత్రం మళ్ళీ పెట్టేశాను, రేపు తియ్యడానికి.

ఏప్రిల్ 2

నూనె డబ్బా కడిగి మంచి నూనె పోసి ఇచ్చాను. రోజూ పొద్దున్నే ఒక్కో చుక్క పోస్తున్నారు. నేను పక్కన నిలబడి గుడ్డ అందిస్తున్నాను. కేసుల వైపు వెళ్ళి ఎన్నాళ్ళయిందో. అమ్మాయి వచ్చి చూసి, "ఎన్నాళ్ళమ్మా ఇలా?" అంది. "సాగినన్నాళ్ళు," అన్నాను. అదీ ఒక గుడ్డ తీసుకుని మా పక్కన కూచుంది. "ఈ పిల్ల పనిమంతురాలే," అన్నారు ఆయన నాతో.

ఏప్రిల్ 6

కడ్డీని నేను దాచలేదు. కిటికీ గట్టు మీద, కళ్ళెదురుగా పెట్టాను. పొద్దున లేస్తూనే ఒక దురాశ, ఇవాళ చూస్తారేమో, చూసి నా మీద కేకలేస్తారేమో అని.

ఇవాళ చూశారు.

చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. కిరసనాయిలు గుడ్డతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచారు. రంధ్రంలో గుడ్డ మెలిపెట్టి లోపల కూడా తుడిచారు. తర్వాత ఒక చుక్క నూనె రాశారు. పెట్టండి, తీసుకెళ్ళి దాని చోట పెట్టండి, నన్ను తిట్టండి అని లోపల గోల పెడుతున్నాను.

తెచ్చి నా చేతికిచ్చారు.

"జాగ్రత్తగా పెట్టవే. మంచి ఇనుము. ఏ మెషిన్‌దో, ఇక్కడ మరిచిపోయారు. ఇది లేకపోతే వాళ్ళకి పని నడవదు పాపం."

"సరేనండీ," అన్నాను.

దాన్ని పట్టుకుని కేసుల వెనక్కి వెళ్ళి నేల మీద కూచున్నాను. నూనె చేతులకీ మొహానికీ అంటుకుంది. అటునుంచి ఆయన పిలుస్తున్నారు, "ఏమేవ్, ఎక్కడున్నావు? ఇది నా ఒక్కడి వల్ల కావట్లేదు."

"వస్తున్నానండీ," అని లేచాను.